కంజీ కథలు: ఉపాయమా, ప్రమాణమా?

చైనా నుంచి జపాను భాషలోకి వచ్చిన లిపి సంకేతాలను కంజీ అంటారు. 2010లో జపాను ప్రభుత్వం సవరించిన నిత్యవ్యవహార పట్టికలో ఇవి 2,136 ఉన్నాయి. ఒక్కొక్క సంకేతాన్ని చిన్న భాగాలుగా విడదీసి, వాటిని కలిపే కథ అల్లుకుని గుర్తుంచుకునే పద్ధతికి 1977లో తన పుస్తకం ద్వారా ప్రాచుర్యం తెచ్చిన జేమ్స్ హైసిగ్ మతతత్త్వ పండితుడు కావడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, కల్పితమని తెలిసిన కథ వల్ల యథార్థజ్ఞానం ఎలా కలుగుతుందన్న ప్రశ్న మాత్రం తత్త్వశాస్త్రానిదే.

తూర్పును తెలిపే సంకేతంలో చెట్టు రూపం నడుమ సూర్యుని రూపం ఇమిడినట్లు కనబడుతుంది కనుక, కొమ్మల మధ్య పొద్దు పొడిచే దిక్కు అని నేర్చుకునేవారు చెప్పుకుంటారు. క్రీ.శ. 100 ప్రాంతంలో నిఘంటువు ముగించిన చైనా పండితుడు షూ షెన్ కూడా దాదాపు ఇదే వివరణ ఇచ్చాడు. అయితే 1899 నుంచి పండితుల దృష్టికి వచ్చిన, జోస్యం కోసం ఎముకలపై చెక్కిన ప్రాచీన లేఖనాలలో అదే సంకేతం రెండు కొసలా ముడివేసిన సంచిలా ఉంది; ఉచ్చారణ కలిసినందున దానిని దిక్కుకు వాడుకున్నారని నేటి లిపి చరిత్రకారులలో పలువురి అభిప్రాయం. కథ తప్పయినా, దానితో నేర్చినవారు సంకేతాన్ని తప్పుగా రాయలేదు.

గీసిన రేఖలు నిజమైన అక్షరాలు కాకపోయినా వాటి వల్లనే సత్యమైన అకారాదులు బోధపడుతున్నాయని శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో చూపిన దృష్టాంతం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పదాన్ని ప్రకృతి, ప్రత్యయం అని విడదీయడం శిక్షణ కోసం చేసిన కల్పనేనని భర్తృహరి ఏనాడో అన్నాడు. శిష్యుని స్థాయిని బట్టి బోధను మలచడాన్ని బౌద్ధులు ఉపాయకౌశల్యమంటారు. ఏరు దాటాక తెప్పను మోయనక్కరలేదన్న బుద్ధుని ఉపమానమూ ఈ కోవలోదే. కాకపోతే తెప్పను బుద్ధిపూర్వకంగా విడవాలి, కంజీ కథ మాత్రం చేతికి అలవాటు ముదిరే కొద్దీ తనంతట తానే జారిపోతుంది.

చిక్కు వచ్చేది కథ లిపికి సాక్ష్యమని చెప్పినప్పుడే. మనిషి అనే సంకేతంలోని రెండు గీతలు ఒకరినొకరు ఆనుకున్న ఇద్దరు మనుషులని, మానవజీవితానికి పరస్పరాశ్రయమే ఆధారమని జపానులో చెప్పే పాఠం ప్రసిద్ధం. ప్రాచీన రూపంలో ఉన్నది పక్కనుంచి కనిపించే ఒక్క మనిషే. ఆ నీతి మంచిదే గాని, దాని మంచితనానికి ఈ లిపి పూచీపడదు.