యోగ్యతాపత్రము – పట్టభద్రత

వివాహ సంబంధము మాటాడునప్పుడు వరుని గూర్చి మన యిండ్లలో మొట్టమొదట అడుగు ప్రశ్న “ఏమి చదివినాడు?” అన్నది. “ఏమి చేయగలడు?” అని అడుగువారు అరుదు. బి.టెక్. అన్న సమాధానము వచ్చినచో సంభాషణ ముందునకు సాగును, ఐ.టి.ఐ.లో వెల్డింగు నేర్చినాడనినచో స్వరము తగ్గును. ఆ తగ్గిన స్వరము న్యాయమైనదేనా యని విచారింపవలసియున్నది.

పట్టమైనను, వృత్తి యోగ్యతాపత్రమైనను సాక్ష్యమే. అయితే అవి చెప్పు సాక్ష్యము ఒకటి కాదు. “ఈతడు మా యొద్ద నాలుగేండ్లు ఈ శాస్త్రమును చదివి నెగ్గినాడు” అని విశ్వవిద్యాలయము ఒక్క పర్యాయము చెప్పి ఊరకుండును. ఆ మరునాటి నుండి పుస్తకము ముట్టకున్నను ఆతడు జీవితాంతము పట్టభద్రుడే. బాయిలర్లను అతుకు వెల్డరు సంగతి అట్టిది కాదు. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘమువారి నియమావళి తొమ్మిదవ భాగము ననుసరించి ఆతడు నమూనా అతుకు వేసి చూపవలెను. దానిని వంచియో, ఎక్స్‌రే తీసియో పరీక్షింతురు. నెగ్గిన పిమ్మటనైనను ఆ పద్ధతిలో ఆరు నెలలపాటు వెల్డింగు చేయకున్నచో ఆ యోగ్యత చెల్లదు. పని ఆగినచో పత్రమును ఆగును. కాయకమును పూజతో సమముగా నెంచిన సంప్రదాయములో పుట్టిన మనకు ఈ నియమము వింతగా తోచరాదు. పండ్రెండవ శతాబ్దపు శరణులలో మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడిపెను, మేదర కేతయ్య బుట్టలల్లెను, నులియ చందయ్య త్రాళ్లు పేనెను. చేయు పనియే వారి పేరునకు ముందు నిలిచినది. నేడు మన పేర్ల వెనుక పట్టములు నిలుచుచున్నవి.

పట్టమును తేలికపరచుట నా యుద్దేశము కాదు. వేసిన అతుకు మరునాడు చీలినచో, లోహములో హైడ్రోజను చేరుట చేతనా, ఉక్కు మిక్కిలి త్వరగా చల్లారుట చేతనా యని తెలిసికొనుటకు లోహశాస్త్రము కావలెను. యోగ్యతాపరీక్ష చేతిని చూచునే గాని కారణమును అడుగదు. మరియు కొన్ని పత్రములు ఒక్క కంపెనీ సామగ్రికి కట్టుబడినవి. సిస్కో వారి సి.సి.ఎన్.ఏ. పత్రమునకు మూడేండ్లే ఆయువు. యంత్రములు మారును గనుక అది కొంత న్యాయమే. మరల పరీక్షకు కూర్చుండువాడు మరల రుసుము చెల్లించుననుటయు నిజమే.

నాకు బాధ కలిగించునది వేరొకటి. 1920లో స్థాపితమైన ఇంజనీర్ల సంస్థవారి ఏ.ఎం.ఐ.ఇ. పరీక్షలను పగలు కార్ఖానాలో పనిచేసి రాత్రులు చదివినవారెందరో వ్రాసిరి. కేంద్ర ప్రభుత్వము దానిని ఇంజనీరింగు పట్టముతో సమానముగా నెంచెడిది. 2012లో వెలువడిన ఉత్తరువు చేత 2013 మే 31 వరకు నమోదైనవారికే ఆ సమానత్వము నిలిచినది. జూన్‌లో చేరినవాడు అదే పాఠము చదివినను ఆ గౌరవమునకు దూరమైనాడు. పట్టములకును ఈ గతి తప్పలేదు. దూరవిద్య ద్వారా కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయములు ఇచ్చిన ఇంజనీరింగు పట్టములను 2017లో సుప్రీంకోర్టు అంగీకరింపలేదు. 2001–2005 మధ్య చేరినవారు తిరిగి పరీక్షలో నెగ్గవలసివచ్చినది, అటుపై చేరినవారి పట్టములు రద్దైనవి. ఇన్నియేండ్ల చదువు విలువ చదివినవాని చేతిలో లేకపోయెను.

మన మఠములు విద్యకు చేసిన సేవ అల్పము కాదు. తుమకూరులో సిద్ధగంగా మఠమువారి ఇంజనీరింగు కళాశాల 1963 నుండి నడచుచున్నది. అయితే మనము ఇచ్చు విద్యార్థివేతనములలో ఐ.టి.ఐ. బాలునికి ఎంత భాగము దక్కుచున్నదో ఎవరి లెక్క వారు చూచుకొనవలెను. ఆతనికి పై చదువు మూసిన తలుపు కాదు. పదవ తరగతి పిమ్మట రెండేండ్ల ఐ.టి.ఐ. ముగించి, ప్రవేశపరీక్షలో నెగ్గి పాలిటెక్నిక్ రెండవ యేట చేరవచ్చును. అటనుండి ఈసెట్ ద్వారా ఇంజనీరింగు రెండవ యేట చేరవచ్చును. మొత్తము ఏడేండ్లు. ఇంటర్మీడియట్ మార్గమున ఆరేండ్లు. ఒక్క యేడాది ఎక్కువైనను, నడుమ ఎక్కడ చదువు ఆగిపోయినను బ్రతుకుటకు ఆతని చేతిలో ఒక పని యుండును. సంబంధము మాటాడు పెద్దలలో ఈ లెక్క వేసినవారిని నేనింకను చూడలేదు.