ఏ పేటలో కాపురముందుము?



వేసవి సెలవులు వచ్చునప్పటికి మన గ్రామములలో అనేక గృహములయందు ఒక ప్రశ్న తలయెత్తుచుండును. తండ్రికి పట్నములో పని దొరికినది. పిల్లవాడు అయిదవ తరగతి ముగించినాడు. కుటుంబమంతయు తరలిపోవలెనా? పోయినయెడల ఏ పేటలో ఇల్లు చూచుకొనవలెను? అద్దె మనకు అందునా? బడి మంచిదేనా? ఇరుగుపొరుగువారు ఎట్టివారు? ఇవి లెక్కలవలె కనబడును. అద్దె ఇంత, ఫీజు ఇంత, బస్సు ఖర్చు ఇంత అని కూడినచో జవాబు వచ్చునని తోచును. అయితే ఈ లెక్కల అడుగున నీతికి సంబంధించిన ప్రశ్న యొకటి దాగియున్నది. నా బిడ్డకు మేలైన చోటు వెదకుట నా ధర్మము. అట్లు వెదకునప్పుడు పరుల బిడ్డలను గూర్చి నేను తలంపవలసినది ఏమైనను కలదా?

గ్రామములో ఈ ప్రశ్న పుట్టదు. మన తాతలు ఎచ్చట కాపురముండవలెనో వారిని ఎవరును అడుగలేదు. ఊరు ఒకచోట, వాడ ఒకచోట నుండెను. పుట్టిన గడపయే నివాసమును నిర్ణయించెను. మంచినీళ్ల బావి ఏ వైపున నుండునో, బడి ఏ వైపున నుండునో ఇతరులే నిశ్చయించిరి. 1948 నవంబరు 4వ తేదీన రాజ్యాంగ సభలో డాక్టరు అంబేడ్కరుగారు గ్రామమును పొగడువారిని తప్పుపట్టి, గ్రామజీవితములోని సంకుచితత్వమును గూర్చి మిక్కిలి కఠినముగా మాటలాడిరి. ఆ కాఠిన్యమునకు కారణమేమో ఊరి చివరన పుట్టినవారికి వివరించనక్కరలేదు. కావున పట్నమునకు వచ్చిన కుటుంబము "ఈ పేట మాకు నచ్చినది, ఇక్కడ ఉందుము" అని పలుకుట చిన్న సంగతి కాదు. అది తాతలకు లేని స్వాతంత్ర్యము.

పట్నములో కూడ తలుపులన్నియు తెరచియుండవు. "శాకాహారులకు మాత్రమే" అను బోర్డులు కొన్ని గుమ్మములకు వ్రేలాడుచుండును. కొందరు ఇంటివారు "మీరెవరు?" అని అడుగుదురు. వారడుగునది పేరు కాదని ఇరువురికిని తెలియును. అబద్ధమాడి ఆ గదులు సంపాదించుట కంటె వేరొక యిల్లు చూచుకొనుట మేలు. దాచుకొని బ్రతుకవలసిన ఇంటిలో పిల్లలు మొదట నేర్చుకొను పాఠము భయమే.

అయితే ఈ స్వాతంత్ర్యములో మనకును ఒక శోధన కలదు. "మంచి పేట" అను మాటకు అర్థమేమి? మురుగు నిలువనిది, దొంగతనములు లేనిది, బడి దగ్గరనున్నది అని చెప్పుట న్యాయమే. కాని "అటువంటివారు" లేని పేట అని కొందరి భావము. ఎవరు ఆ అటువంటివారు? ఆటో తోలువారు, ఇండ్లలో పాచిపని చేయువారు, మేడలు కట్టు కూలీలు. నిన్నటివరకు ఊరివారు మనలను గూర్చి పలికిన మాటనే నేడు మన బిడ్డల యెదుట మనము పలుకుదుమా? వెలుపల ఉంచబడినవాడు లోపలికి వచ్చిన తరువాత తలుపు వేయుచున్నాడా, తెరచి పట్టుకొనుచున్నాడా అనుదానినిబట్టి అతని మనస్సు తెలియును.

లోతు చరిత్ర మనకందరికి తెలిసినదే. ఆదికాండము 13వ అధ్యాయములో పశువుల కాపరుల తగవు తీర్చుటకై అబ్రాము తన హక్కును విడిచిపెట్టి, ముందుగా కోరుకొను అవకాశమును సహోదరుని కుమారునికిచ్చెను. లోతు కన్నులతో చూచెను. నీళ్లు సమృద్ధిగా నున్న మైదానము నచ్చెను. ఆ పట్టణస్థులు ఎట్టివారో విచారించినట్లు మనము చదువము. పెద్దవానిని ముందు కోరుకొమ్మనినట్లును చదువము. మొదట గుడారము ఊరి వైపునకు వేసెను. తరువాత ఊరిలోనే కాపురముండెను. 19వ అధ్యాయమునకు వచ్చునప్పటికి ఊరి గవినియొద్ద కూర్చుండియుండెను. మనము ఒక చోటును కోరుకొందుము. కొన్ని యేండ్లకు ఆ చోటు మనలను తనవారిగా చేసికొనును.

నీళ్లను చూచుట లోతు తప్పు కాదు. పశువులున్నవాడు నీళ్లు చూడవలసినదే. పిల్లలున్నవాడు బడి చూడవలసినదే. అమెరికా దేశములో 1994వ సంవత్సరమున ప్రభుత్వము ఒక ప్రయత్నము ఆరంభించెను. అయిదు నగరములలో మిక్కిలి పేదపేటలయందున్న దాదాపు 4,600 కుటుంబములలో చీటీలు వేసి, కొందరికి పేదరికము తక్కువగా నున్న పేటలలో ఇల్లు అద్దెకు తీసికొనుటకు సహాయము చేసిరి. ఆ పిల్లలు పెద్దవారైన పిమ్మట పరిశీలించి 2016లో ఫలితములను ప్రకటించిరి. 13 ఏండ్లు నిండకమునుపే తరలివెళ్లినవారి సంపాదన, అట్టి సహాయము లేనివారి సంపాదన కంటె దాదాపు 31 శాతము ఎక్కువగా నుండెను. 13 దాటిన తరువాత వెళ్లినవారికి అట్టి మేలు కనబడలేదు. కొంత నష్టము కలిగిన గురుతులును ఉండెను. మన దేశపు పరిస్థితులు వేరు. అయినను పేట బిడ్డపై పని చేయునది నెమ్మదిగా, ఏండ్ల తరబడి అనియు, స్నేహితులను అప్పుడే కూర్చుకొనిన తొమ్మిదవ తరగతి బిడ్డను పెరికి వేరొకచోట నాటునప్పుడు మిక్కిలి ఆలోచింపవలెననియు దీనినుండి గ్రహింపవచ్చును.

ఇక ఖర్చు సంగతి. ఒక కుటుంబమును ఊహించుకొందము. వారు మెదకు వైపు పల్లెనుండి హైదరాబాదు వచ్చినారు. తండ్రికి సికింద్రాబాదులో దుకాణపు పని, తల్లి బట్టలు కుట్టును, ఇద్దరు పిల్లలు. మల్కాజిగిరి వంటి పాత పేటలో వారికి రెండు ఇరుకు గదులు దొరకును. అదే అద్దెకు కీసర దారిన ఊరి చివర విశాలమైన యిల్లు దొరకును. ఎదుట రంగుల బోర్డు గల బడియు కలదు. దూరపు కొండలు నునుపు. తండ్రి పోవుటకు గంటన్నర, వచ్చుటకు గంటన్నర పట్టినచో నెలకు 25 పనిదినములలో 75 గంటలు దారిలో గడచును. అనగా రాత్రింబగళ్లు కలిపి మూడు దినములకు పైగా అతడు బస్సులోనే యున్నట్లు. అద్దెలో మిగిలిన రూపాయలను అతడు ఆ గంటలతో కొనుచున్నాడు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న స్త్రీలకు ఆర్.టి.సి. బస్సులలో ఉచిత ప్రయాణము ఆరంభమైనందున తల్లికి టిక్కెట్టు ఖర్చు తగ్గినది; గంటలు తగ్గలేదు. రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరిన తండ్రి బిడ్డ పలక చూచునా? పేరుగల బడిని కొనుటకై తండ్రిని అమ్ముకొనిన యిల్లు లాభపడినదని చెప్పజాలము. కావున అద్దె, దారి ఖర్చు, దారిలో పోవు కాలము, ఫీజు, ఈ నాలుగును కలిపి లెక్కించినదే నిజమైన అద్దె.

ఇల్లు చూచుటకు ఎండ వేళ ఒక్కసారి పోయి రాకూడదు. వాన కురిసిన మరునాడు పోయి చూడుడి. 2020 అక్టోబరులో హైదరాబాదులో కురిసిన కుంభవృష్టికి పల్లపు కాలనీలెన్నో నీట మునిగెను. ఒకప్పటి చెరువు శిఖము భూములలో వెలసిన యిండ్లకు నీళ్లు తమ పాత దారి వెదకుకొనుచు వచ్చెను. 2024లో చెరువు భూములలోని కట్టడములను ప్రభుత్వము కూల్చినప్పుడు, కాగితములు సరిగా చూడక కొనినవారు దుఃఖపడిరి. చౌకగా వచ్చుచున్న స్థలము ఎందుకు చౌకయో అడిగి తెలిసికొనుట వివేకము. సాయంకాలము చీకటి పడిన పిమ్మట కూడ పోయి, ఆడపిల్లలు నిర్భయముగా నడచుచున్నారా, వీధి దీపములు వెలుగుచున్నవా, సారా దుకాణము బడికెంత దూరమున నున్నది చూడుడి.

బడిని బోర్డునుబట్టి ఎంచకుడి. విడిచిపెట్టు వేళకు గేటు వద్ద నిలువుడి. పిల్లల ముఖములే సగము జవాబు చెప్పును. తరగతికి ఎందరు బిడ్డలో అడుగుడి. 2009లో చేయబడి 2010 ఏప్రిలు 1నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము అయిదవ తరగతివరకు 30 మందికి, ఆరు మొదలు ఎనిమిదివరకు 35 మందికి ఒక ఉపాధ్యాయుడుండవలెను. బిడ్డను చేర్చుకొనుటకు బిడ్డకు గాని తల్లిదండ్రులకు గాని పరీక్ష పెట్టరాదు, డొనేషను అడుగరాదు. పాత బడినుండి టి.సి. రాలేదని గాని, పుట్టినతేదీ కాగితము లేదని గాని త్రిప్పి పంపరాదు. పల్లెనుండి వచ్చిన తల్లి చదువు రానిదైనను ఈ సంగతులు తెలిసియుండిన తలవంచుకొని తిరిగి రానక్కరలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. 1964లో నియమింపబడిన కొఠారీ విద్యా కమిషను 1966లో తన నివేదికను సమర్పించెను. ఒక పేటలోని బిడ్డలందరు, ధనికులైనను పేదలైనను, ఏ కులమువారైనను, ఒకే పొరుగు బడిలో కలిసి చదువుకొనవలెనని ఆ కమిషను సిఫారసు చేసెను. అట్లు జరుగలేదు. జరుగకపోవుటకు ప్రభుత్వముల లోపము కలదు. మన లోపమును కలదు. మన గ్రామములనే చూడుడి. ఉదయము పసుపుపచ్చ బస్సు వచ్చి, ఫీజు కట్టగల ఇండ్ల పిల్లలను పట్నపు బడికి తీసికొనిపోవును. ఊరి బడిలో కూలీల బిడ్డలు మిగులుదురు. టీచరు రాకపోయినను, మరుగుదొడ్డికి తలుపు లేకపోయినను అడుగగలవారు ఆ బస్సుతోనే వెళ్లిపోయిరి. మొదట అడుగువారు పోవుదురు, పిదప బడి చెడును, చెడినదని మిగిలినవారును పోవుదురు. పోలేనివారు మాత్రము ఆ చెడుగును మోయుదురు.

అట్లయిన మన బిడ్డను పరుల కొరకు చెడు బడిలో వేయవలెనా? అట్టి భారము ఏ తల్లి మీదను మోపరాదు. బిడ్డ మన సిద్ధాంతమునకు బలి కారాదు. ఊరినుండి వెళ్లువారిని నిందించుటయు తగదు. వెళ్లుటకు వారికి గల హక్కు ఎంత కాలమునకు లభించెనో చూచితిమి. అయితే రెండు బడులు ఇంచుమించు సమానముగా నున్నప్పుడు, పేరు కొరకు దూరపుదానిని కోరుకొనక, పేట బిడ్డలతో కలిసి నడచిపోగల బడిని కోరుకొనుట మంచిది. చేర్చిన పిమ్మట అక్కడ నిలబడుట ఇంకను మంచిది. విద్యాహక్కు చట్టము ప్రభుత్వ బడులకు, ప్రభుత్వ సహాయము పొందు బడులకు యాజమాన్య కమిటీ నుండవలెనని చెప్పుచున్నది. అందులో నూటికి 75 మంది తల్లిదండ్రులే యుండవలెను, సగముమంది స్త్రీలుండవలెను. ఆ సమావేశములకు ఎందరు పోవుచున్నారు?

అబ్రాహామును మరల తలంచుకొనుడి. ఆ మైదానమును కోరుకొనినవాడు లోతు. ఆ పట్టణము కొరకు బ్రతిమాలినవాడు అబ్రాహాము. 18వ అధ్యాయములో ఏబదిమందితో మొదలుపెట్టి, తగ్గించుకొనుచు పదిమంది వరకు వచ్చెను. పదిమంది నీతిమంతులున్నను ఆ ఊరు నిలుచునని జవాబు దొరకెను. ఆ పదిమంది లేకపోయిరి. బడి సంగతియు అట్టిదే. నెలకొకసారి పని మానుకొని వచ్చి, నోరు తెరచి మర్యాదగా అడుగు పదిమంది తల్లిదండ్రులున్న బడి సాధారణముగా పూర్తిగా పాడుకాదు. ఆ పదిమందిలో మనమొకరమైనచో మన బిడ్డతోపాటు, అడుగుటకు రాలేని కూలితల్లి బిడ్డకును మేలు కలుగును.

గ్రామములో నిలిచిపోవుచున్న సహోదరులారా, ఇది పట్నమునకు పోవువారికి మాత్రమే వ్రాసినది కాదు. మీ ఊరి బడికిని ఆ పదిమంది కావలెను. పట్నములో స్థిరపడినవారును పండుగకు వచ్చినప్పుడు తాము చదివిన బడి గుమ్మము తొక్కి, ఏమి కావలెనని హెడ్మాస్టరును అడుగవచ్చును.

ఇల్లు చూచుటకు బయలుదేరువారు రెండు ప్రశ్నలు వెంట తీసికొనిపోవుడి. ఈ పేట మా బిడ్డకు ఏమి యిచ్చును? మేము వచ్చినందున ఈ పేట బిడ్డలకు ఏమి కలుగును? మొదటిది అందరును అడుగుదురు. రెండవది అడుగువారు వచ్చి చేరినందుననే పేటలు మంచివగును.