ఎవరి గడియారము సరియైనది?



గడచిన క్రిస్మసు పండుగకు మా సంఘ యౌవనులు మందిరమునకు దీపాలంకారము చేసిరి. మా మందిరము నర్సీపట్నమునకు చేరువలో బాట ప్రక్కనే యున్నది. పూర్వము మేము రెండు సీరియల్ సెట్లు తెచ్చి గుమ్మమునకు చుట్టి, వెదురు బద్దలతో ఒక నక్షత్రము కట్టి, అంతటితో తృప్తి పొందెడివారము. ఈసారి పాటతో కలిసి వెలిగి, పాటతో కలిసి ఆరు దీపములు కావలెనని యౌవనులు కోరిరి. గేటు తోరణమునకు ఒక పెట్టె, ప్రహరీ గోడకును పైనున్న నక్షత్రమునకును వేరొక పెట్టె అమర్చిరి. పని యంతయు డిప్లొమా చదువుచున్న ఒక బాలుడు తలమీద వేసికొనెను. అతనిది మందిరమునకు దూరముననున్న పల్లె.

మొదటి రాత్రి ఏమి జరిగెనో చెప్పుటకు ఇప్పటికిని సిగ్గుగా నున్నది. పాట ఆరంభములో అన్నియు కలిసియే యుండెను. రెండవ చరణము వచ్చుసరికి గేటు ముందు పోయెను, నక్షత్రము వెనుకబడెను. గోడమీది దీపములు ఉండి ఉండి తడబడుచుండెను. నేను బాట కావల టీ కొట్టు యొద్ద నిలిచి చూచుచుంటిని. అక్కడివారు నవ్విరి. నేను లోనికి పోయి, అందరి యెదుట ఆ బాలునితో, "చేతకాని పని నెత్తిన వేసికొని సంఘమునకు తలవంపులు తెచ్చితివి" అంటిని. అతడు బదులు చెప్పలేదు. ముప్పది యేండ్లు బడిపంతులుగా నుంటిని. ఏది చెడినను ముందు ఎవడు చెరిపెనని అడుగుట నాకు అలవాటు.

మరునాడు పట్టణమునుండి ఒక ఎలక్ట్రీషియను వచ్చెను. ఆయన ఎవడు చేసెనని అడుగలేదు. తేడా ఎంత, ఎప్పుడు మొదలాయెను అని మాత్రమే అడిగెను. పాట ఆపించి, నిమిషమున కొకసారి దీపములన్నియు తెల్లగా ఒక్క మెరుపు మెరయునట్లు చేయించి, దానిని ఫోనులో నెమ్మది చిత్రముగా తీసెను. తేడా మొదటినుండి చివరివరకు ఒక్కటే యైన యెడల అది దారిలో కలిగిన ఆలస్యమట. పోను పోను పెరిగిన యెడల రెండు గడియారముల పొత్తు కుదరలేదని అర్థమట. ఉండి ఉండి తప్పిన యెడల ఎక్కడనో మోయలేని బరువున్నదట.

గేటు సంగతి గడియారమే. ప్రతి పెట్టెలోను ఒక చిన్న గడియారము కొట్టుకొనుచుండును. మంచి పెట్టెలో క్వార్ట్జు స్ఫటికముండును. అది పది లక్షలలో 50 పాళ్లు తప్పినను దినమునకు 4 సెకండ్లకు కొంచెము మించును, అంతే. చౌక పెట్టెలు కొన్నింటిలో ఆ స్ఫటికముండదు. నూటికి ఒక పాలు తప్పవచ్చును. నూటికి ఒకటియే కదా యని మనకు తోచును. నిమిషమునకు అది సెకండులో 6 పదియవ వంతులు. మూడు నిమిషముల పాట ముగియుసరికి దాదాపు రెండు సెకండ్లు!

"పెట్టెలు రెండూ అబద్ధమాడలేదు మాస్టారూ. దేని లెక్క దానికి సరిగానే ఉంది" అని ఎలక్ట్రీషియను నాతో అనెను.

ఈ మాట నాకు ఆ రాత్రి నిద్రపట్టనియ్యలేదు. దోషము లేనిచోట బాధ్యత ఉండునా? గేటు పెట్టె తన గడియారమునకు నమ్మకముగా నడిచెను. గోడ పెట్టె తనదానికి నడిచెను. ఎవనిని గద్దించవలెను? గద్దించుట కెవడును లేడు గనుక అట్లే విడిచిపెట్టుదుమా? యథార్థత చాలునని మనము తరచుగా అనుకొందుము. నా మనస్సాక్షి నన్ను నిందించుట లేదు గనుక నేను సరిగానే యున్నానని తలంచుదుము. కాని ఇద్దరు యథార్థవంతులు, ఒకరి నొకరు చూచుకొనక నడిచినయెడల, చాల దూరము విడిపోగలరు. ఎవడును పాపము చేయనక్కరలేదు; చూచుకొనక పోవుట చాలును. అన్నదమ్ముల పొలములమధ్య గట్టు అట్లే జరుగుచుండుట మనమెరుగుదుము.

మన నర్సీపట్నమునే చూడుడి. భారతదేశపు కాలము 1906 జనవరి 1న ఏర్పడెను. దానికి ఆధారము 82 డిగ్రీల 30 నిమిషముల తూర్పు రేఖాంశము. మన ఊరు ఆ రేఖకు కొంచెము తూర్పుగా నున్నది. సగటు లెక్కన మన సూర్యునికిని దేశపు గడియారమునకును తేడా అర నిమిషములోపే. కలకత్తావారు 24 నిమిషములు, బొంబాయివారు 39 నిమిషములు తమ సూర్యుని విడువవలసి వచ్చెను. కనుకనే కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ పాత కాలమును పట్టుకొని యుండెను. కాలము దిద్దుకొమ్మని ఇతరులకు చెప్పుట మనకు సులభమే. మనము విడిచినది అర నిమిషము!

గేటును ఎట్లు బాగుచేసిరనగా, గోడ పెట్టెను నాయకునిగా పెట్టిరి. అది సెకండు సెకండునకు ఒక సంకేతము పంపును. గేటు పెట్టె దానిని విని తన లెక్క దిద్దుకొనును. అయితే నాయక పెట్టె గడియారము తప్పు లేనిదా? అదియు తప్పునదే. అందరికిని వినబడుచున్నది గనుక అది నాయకుడాయెను, అంతకంటె దానికి గొప్ప లేదు. ఇది పెద్దరికము చేయు మాబోటివారికి రుచించు మాట కాదు.

పాటకు కలిగిన ఆలస్యము చిన్న సంగతి. స్పీకరును బ్లూటూత్‌తో కలిపినందున ధ్వని వెనుకబడెను. తీగ వేసిరి, పోయెను. నేను నిలిచిన టీ కొట్టు నూరు మీటర్ల దూరము; ధ్వని అంత దూరము వచ్చుటకు సెకండులో 3 పదియవ వంతులు పట్టును. అంటే నేను చూచిన తప్పులో కొంత నేను నిలిచిన చోటునుబట్టి కలిగినది. దానిని ఏ ఎలక్ట్రీషియనును బాగుచేయలేడు.

గోడ సంగతియే నన్ను మిక్కిలి తాకెను. ఈ పిక్సెల్ దీపములు ఒకే వరుసలో నుండును. పెట్టె పంపిన మాటలలో మొదటి దీపము తన వంతు తీసికొని మిగిలినది రెండవదానికి అందించును, అది మూడవదానికి. అందరికి అందినమీదట కొంచెము నిశ్శబ్దము. ఆ నిశ్శబ్దములో అన్నియు ఒక్కసారి రంగు మార్చుకొనును. ఒక్కొక్క దీపమునకు 30 మైక్రోసెకండ్లు పట్టును. మావాళ్లు ఒకే వరుసలో 1,200 దీపములు కట్టిరి. అన్నిటికి అందవలెనన్న 36 మిల్లీసెకండ్లు కావలెను. పాట వేగమున కని వారు పెట్టినదో, 25 మిల్లీసెకండ్లకు ఒక చిత్రము. చివరి దీపములకు మాట అందకముందే తరువాతి మాట సిద్ధమగుచుండెను. వరుసను రెండుగా, ఆరేసి వందలుగా విడదీయగా సరిపోయెను.

ఇది విని నాకు ఆదికాండము 33వ అధ్యాయము జ్ఞాపకము వచ్చెను. ఏశావు కలిసి నడుతమని పిలువగా, యాకోబు తన పిల్లలు పసివారనియు, పాలిచ్చు మందను ఒక్క దినము వడిగా తోలినను చచ్చుననియు చెప్పి, వాటి నడకనుబట్టి మెల్లగా వచ్చెద ననెను. యాకోబు మనస్సులో అన్నను గూర్చిన భయము కూడ నుండెనేమో. అయినను చెప్పిన మాట సత్యము. కొరింథులో కొందరు ముందుగా వచ్చి భుజించి, వెనుక వచ్చిన బీదలను ఆకలితో నుంచినప్పుడు, పౌలు వారికి ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొనుడని వ్రాసెను. అక్కడ ఆలస్యమునకు ఆయన నిందించినది వెనుక వచ్చినవారిని కాదు.

మా ఆరాధన తొమ్మిది గంటలకు. గడియారము గలవారము కలిసి పెట్టిన వేళ అది. దూరపు పల్లెలనుండి వచ్చువారికి ఆటోయే దిక్కు. ఆటో నిండనిదే కదలదు. వారు రెండవ కీర్తనవేళ చెప్పులు చేత పట్టుకొని లోపలికి వచ్చుచుండగా మేము తిరిగి చూచుదుము. ఆలస్యముగా వచ్చువారు వరండాలోనే కూర్చుండవలెనని నవంబరు కమిటీలో ఒక మాట వచ్చెను. నేనును సరేనంటిని. ఇప్పుడు ఆ మాట తీసివేయవలెనని వ్రాసి ఇచ్చితిని. వేళ మార్చవలెనా, అక్కడికొక ఆటో మనమే మాట్లాడవలెనా అన్నది ఇంకను తేలలేదు. వేళ పాటించుట కూడ భక్తియే అనువారి మాటలోను న్యాయమున్నది.

ఆ బాలుని అందరి యెదుట నిందించితిని గనుక అందరి యెదుటనే ఒప్పుకొనవలెనని తలంచి, తరువాతి ఆదివారము మొదటి కీర్తన కాగానే లేచి నా తప్పు చెప్పితిని. చెప్పి కూర్చున్న తరువాత చూచితిని, అతడు లేడు. ఆటో ఇంకను రాలేదు. అతడు వచ్చి వెనుక చాపమీద కూర్చున్న తరువాత, పాస్టరుగారి సెలవు తీసికొని, మరల లేచి మొదటినుండి చెప్పితిని.