పక్కింటి ఫోన్‌లో నా గొంతు

1998లో మేం హైదరాబాద్ రామంతాపూర్‌లో ఉండేవాళ్లం. డాబా మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇరవై మీటర్ల రాగి తీగ ఒకటి వేలాడేది. చూసినవాళ్లు బట్టలారేసుకోడానికి అనుకునేవాళ్లు. అది నా యాంటెన్నా. చేతిలో కొత్త హామ్ రేడియో లైసెన్సు, టేబుల్ మీద 50 వాట్లు కూడా ఇవ్వని ట్రాన్స్‌మీటరు. ఆదివారం పొద్దున ఏడింటికి 7 మెగాహెర్ట్జ్‌ల మీద కూర్చుంటే మద్రాసు, బెంగళూరు పక్క వీధిలో ఉన్నంత బాగా వినపడేవి.

పక్కింటి పిన్నిగారికి అమెరికా నుంచి ఫోన్ వచ్చేదీ సరిగ్గా అప్పుడే. అక్కడ శనివారం రాత్రి. కూతురు నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడే రోజులవి.

ఒకరోజు పిట్టగోడ దగ్గర మా అమ్మతో అంటున్నారు: "మా ఫోన్‌లో ఎవరో నీళ్లలో మునిగి మాట్లాడుతున్నట్టు బుడబుడమని వస్తోందమ్మా. పిల్ల మాట ఒక్కటీ వినపడలేదు." లోపల కాఫీ తాగుతున్నాను. ఆ నీళ్లలో మునిగినవాణ్ని నేనేనని ఆ క్షణమే తెలిసిపోయింది. సింగిల్ సైడ్‌బ్యాండ్‌లో మాట్లాడే గొంతు, దానికోసం చేసిన రిసీవర్లో కాకుండా ఇంకెక్కడ పడినా బాతు అరిచినట్టే ఉంటుంది.

ఏమీ మాట్లాడకుండా కాఫీ ముగించాను. తర్వాత మూడు వారాలు కూడా మాట్లాడలేదు.

ఆ మూడు వారాల్లో నా తరఫు వాదనలన్నీ సిద్ధం చేసుకున్నాను. నిజానికి అవన్నీ సరైనవే, ఇబ్బంది అక్కడే ఉంది. నా సిగ్నల్ శుభ్రంగా ఉంది, మా సొంత టీవీలో ఒక్క గీత కూడా పడేది కాదు. స్తంభం నుంచి ఆవిడ ఇంట్లోకొచ్చే టెలిఫోన్ తీగ నా యాంటెన్నా పక్కనుంచే పోతుంది కాబట్టి అదీ ఒక యాంటెన్నా అయింది. ఆ తీగలో చేరిన రేడియో తరంగాన్ని ఫోన్ లోపలి ట్రాన్సిస్టర్లు, డయోడ్లు మాటగా మార్చేస్తున్నాయి. అంటే రేడియో కాని వస్తువు రేడియోలా ప్రవర్తిస్తోంది. తప్పు ఎవరిది? పైగా అది కూతురు పంపిన అమెరికా కార్డ్‌లెస్ ఫోన్. బయటి నుంచి వచ్చే ఏ అంతరాయాన్నైనా ఈ పరికరం భరించాల్సిందేనని అక్కడి నిబంధన ప్రకారం అలాంటివాటి మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అక్కడి చట్టం రామంతాపూర్‌లో చెల్లదని తెలుసు. అయినా ఆ చీటీ తలుచుకుంటే హాయిగా ఉండేది.

చాలా ఏళ్ల తర్వాత రొనాల్డ్ కోస్‌ని చదివాను. 1960లో ఆయన రాసిన ప్రసిద్ధ వ్యాసానికి బీజం, అంతకు ముందు ఏడాది రేడియో ఫ్రీక్వెన్సీల గురించి రాసిన దాంట్లో ఉంది. లండన్‌లో ఒక మిఠాయి వ్యాపారి, పక్కనే ఒక డాక్టరు. మిఠాయి రోళ్ల చప్పుడు ఏళ్ల తరబడి ఉన్నదే. డాక్టరు ఆ గోడ పక్కన కన్సల్టింగ్ రూమ్ కట్టుకున్నాకే అది గొడవైంది. 1879లో తీర్పు డాక్టరు వైపు వచ్చింది. కోస్ అంటాడు: హాని ఎప్పుడూ రెండు వైపులది. రోళ్లు మోగితే డాక్టరుకి నష్టం, ఆపితే వ్యాపారికి నష్టం. బేరానికి ఖర్చే లేకపోతే, హక్కు ఎవరికిచ్చినా చివరికి ఇద్దరూ ఒకే ఏర్పాటుకి వస్తారు.

చదివినప్పుడు, అప్పట్లో ఈయన దొరికుంటే ఎంత బాగుండేది అనిపించింది. తర్వాత అర్థమైంది, నాకు ఈయన కూడా పనికిరాడు. డాక్టరుకి రోలు చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోందో తెలుసు. పిన్నిగారికి అవతలి మనిషి ఉన్నాడనే తెలీదు. బేరమాడేది ఎవరితో? ఆవిడ లైన్‌మన్‌కి చెప్పుకున్నారు. అతనొచ్చి తీగ మార్చి, టీ తాగి వెళ్లాడు. మంగళవారం ఫోన్ బాగానే ఉంటుంది కదా!

ఇప్పుడు ఆట తిరగబడింది. పక్క ఫ్లాట్లలోని చవక ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు కక్కే రొదతో 7 మెగాహెర్ట్జ్ నిండిపోతోంది. తన చార్జర్ నా చెవిలో గీపెడుతోందని పక్క ఫ్లాట్ కుర్రాడికి తెలీదు. అప్పుడు బాధపెట్టింది నేను, ఇప్పుడు బాధపడేది నేను. తలుపు కొట్టాల్సింది మాత్రం రెండుసార్లూ నేనే, ఎందుకంటే సంగతి తెలిసింది నాకే.

ఇంకో సంగతి కూడా నన్ను కుదురుగా ఉండనివ్వదు. హామ్‌లకి ఒక నియమం ఉంది: మాట్లాడేటప్పుడు ఎప్పటికప్పుడు మన కాల్‌సైన్ చెప్పాలి. గాల్లోకి పేరు లేకుండా మాట్లాడకూడదు. ప్రతి ఆదివారం పదిసార్లు నేనెవరో చెప్పుకునేవాణ్ని, వందల మైళ్ల అవతలి వాళ్లకి. పదడుగుల దూరంలో ఉన్న మనిషికి ఆ పేరు బుడబుడలుగా చేరేది.

నాలుగో వారం పిన్నిగారు మా అమ్మని మంచి చెవి డాక్టరెవరైనా ఉన్నారా అని అడిగారు. అటువైపు కూతురికి ఏమీ వినపడటం లేదట. "నీకే ఏదో అవుతోందమ్మా, చూపించుకో" అందట.

ఆ మధ్యాహ్నమే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి రెండు ఫెర్రైట్ రింగులు కొన్నాను. ఫోన్ వైరుని దాని చుట్టూ పన్నెండు చుట్లు తిప్పితే చాలు. మాట తాలూకు కరెంటు రెండు తీగల్లో ఎదురెదురుగా పోతుంది కాబట్టి రింగు దాన్ని పట్టించుకోదు. రేడియో కరెంటు రెండిట్లోనూ ఒకే దిక్కున వస్తుంది, దాన్ని ఆపేస్తుంది. యాంటెన్నాని కూడా ఆవిడ తీగకి దూరంగా డాబా అవతలి వైపుకి మార్చాను. మొత్తం గంటన్నర పని. మూడు వారాలు పట్టింది.

రిసీవరు ఆవిడ చెవి దగ్గర పెట్టించి మా ఇంటికి పరిగెత్తాను, కాల్‌సైన్ చెప్పి, మళ్లీ వచ్చాను.

"ఏమీ లేదు బాబూ, నిశ్శబ్దంగా ఉంది" అన్నారు. తర్వాత, "ఇంతకీ రోజూ ఏం మాట్లాడుకుంటారు మీరంతా?"

"నా గొంతు బాగా వినపడుతోందా అని అడుగుతామండీ. వాళ్లూ అదే అడుగుతారు."

నవ్వారు. నవ్వుతూనే, "నీవల్లేనని నీకెప్పుడు తెలిసింది?"

"ఆదివారమేనండీ" అన్నాను.

ఏ ఆదివారమో ఆవిడ అడగలేదు.