తాడు తెగే చోటు

యానాం నుంచి ఉద్యోగాల మీద పుదుచ్చేరి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల్లో మాదొకటి. మా మేనల్లుడు ఇక్కడికి దగ్గర్లోని వీరాంపట్టినంలో జాలర్లకు తాళ్లమ్ముతాడు. పెద్ద చుట్టలు తెప్పించి, అడిగిన పొడుగులకు కోసి, చివర్లు కరిగించి ఇవ్వడం వాడి వ్యాపారం. ఇప్పుడు వాడికో సందేహం పట్టుకుంది. తాళ్లు కోసే ఆటోమేటిక్ మెషీను కొనాలా, ఇద్దరు కుర్రాళ్లతో చేతికోతే సాగించాలా? నన్ను పిలిచింది సలహా కోసం కాదు. వాదించడానికి ఎదురుగా ఓ మనిషి కావాలి, అంతే.

“ఇందులో ఆలోచించడానికేముంది మావయ్యా? చుట్ట 220 మీటర్లు. రెండేసి మీటర్లకు కోస్తే 110 ముక్కలు రావాలి. మా కుర్రాడు ఎందుకైనా మంచిదని ప్రతి ముక్కకీ రెండు సెంటీమీటర్లు ఎక్కువ వదులుతాడు. 108 వస్తున్నాయి. చుట్టకి రెండు ముక్కలు ఊరికే పోతున్నాయండి.”

“మెషీను వదలదా?”

“వదలదు. రోలర్లు తాడుని లాగుతాయి. రోలరు ఎన్ని చుట్లు తిరిగిందో అదే లెక్క. రెండు మీటర్లు కాగానే వేడి బ్లేడు దిగుతుంది.”

“రోలరు జారితే?”

వాడు వెంటనే జవాబు చెప్పలేదు. తడి తాడైనా, నూనె అంటిన తాడైనా జారుతుంది. రోలరు తిరుగుతుంది గానీ తాడు అంత కదలదు. ముక్క పొట్టిగా పడుతుంది. ఒకటి కాదు, ఎవరో చూసి ఆపేదాకా పడ్డవన్నీ పొట్టివే. కుర్రాడి తప్పు అలా కాదు. ముక్కముక్కకీ కాస్త మారుతుంది, పైగా ఎప్పుడూ పొడుగువైపే మొగ్గుతుంది. పొడుగైతే మళ్లీ కోసుకోవచ్చు, పొట్టిదైతే ఏం చెయ్యగలం? మావాడు నష్టం కింద రాసుకున్న రెండు సెంటీమీటర్లు నిజానికి ఆ కుర్రాడి భయం ఖరీదు.

“అయితే భయం మంచిదంటారా?”

“కోతలో మంచిదే. ముడి వేస్తే విప్పుకోవచ్చు. పురి తప్పితే మళ్లీ పేనుకోవచ్చు. కోశాక చేసేదేముంది? మీ ఊరి సెంగళునీర్ అమ్మవారి కథే చూడు. జాలరి వలలో పడ్డ మొద్దుని పొయ్యిలోకని గొడ్డలితో కొడితే నెత్తురొచ్చిందంటారు. చేత్తో కొట్టారు గనక మొదటి దెబ్బకే ఆగారు. మెషీనైతే మొద్దంతా పేళ్లయి పడేది.”

“ఆపే స్విచ్చు మెషీనుకీ ఉంటుంది లెండి.”

“దాని మీద చెయ్యి ఎవరిది?”

దీనికి బదులుగా వాడు లోపలికెళ్లి రెండు ముక్కలు తెచ్చి నా ముందు పెట్టాడు. రెండూ మూడు పేటల పాలీప్రొపిలీన్ తాళ్లే, ఒకే కుర్రాడు ఒకే పూట కోసినవే. ఒకదాని చివర చదునుగా, గట్టిగా ఉంది. మూడు పేటలూ కలిసిపోయి గోటితో గీకినా విడిపోవడం లేదు. రెండోదాని చివర నల్లటి ముద్ద కట్టింది. తాడు కంటే లావుగా ఉంది, బెండు కన్నంలో దూరదు.

“పాలీప్రొపిలీన్ దాదాపు 165 డిగ్రీలకు కరుగుతుంది. మేం తెచ్చే నైలాన్‌కి 220 దాకా కావాలి. చేత్తో కోసేవాడికి బ్లేడు ఎంత కాగిందో ఏం తెలుస్తుందండి? ఎక్కువైతే ముద్ద, తక్కువైతే పేటలు విడిపోతాయి. ఆ పొగంతా పీల్చేదీ వాడే, వేళ్లు కాల్చుకునేదీ వాడే.”

ఇక్కడ నేను ఓడిపోయాను, ఒప్పుకున్నాను కూడా. వేడిని ఒకే మట్టాన నిలపడం మెషీను పనే. కొబ్బరి తాడైతే ఈ తగువే లేదు. అది కరగదు, కాలుతుంది. చివర దారం చుట్టి కట్టాల్సిందే, ఆ పనికి చెయ్యి కావాలి. కానీ ఇప్పుడు సముద్రం మీదికి కొబ్బరి తాడు తీసుకెళ్లేవాళ్లెందరు?

“చేతిపనంటే మీకు మోజండి,” అన్నాడు.

అది మాత్రం నిజం కాదు. వీరాంపట్టినం పక్కనే అరికమేడు ఉంది. 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించి, రోమ్ సామ్రాజ్యంతో వర్తకం నడిచిన రేవని లోకానికి చాటిన చోటు. అక్కడ గాజుపూసలు చేసేవారు. కరిగిన గాజుని సన్నటి గొట్టంగా సాగదీసి, చల్లారాక చిన్నచిన్న ముక్కలుగా తరిగేవారు. ఆ పద్ధతి మన తిరుపతి దగ్గరి పాపానాయుడుపేటలో మన కాలం దాకా నిలిచింది. తరిగిన గాజు అంచు గుచ్చుకుంటుంది. అందుకని ముక్కల్ని బూడిదతో కలిపి మళ్లీ వేడిచేస్తారు, అంచులు గుండ్రబడతాయి. కొయ్యడం ఒక విడత, నిప్పు చూపించడం ఇంకో విడత. మావాడి వేడి బ్లేడు ఆ రెండూ ఒక్క దెబ్బలో చేస్తుంది.

“అక్కడ పూసలు తరిగినవాడు వేలకు వేలు ఒకే తీరున తరిగాడురా. చేత్తో చేశాడని అదంతా కళ అయిపోదు. వాడికీ విసుగొచ్చే ఉంటుంది.”

“అయితే నా దారికొచ్చారన్నమాట!”

“సగం దూరమే వచ్చాను. నీ దగ్గరికి ‘రెండు మీటర్లవి అయిదొందలు’ అంటూ ఒకడొస్తాడు. వాడి కొలత తాడుని చూడకముందే తేలిపోయింది, మెషీనుకిచ్చెయ్. ఇంకొకడొచ్చి ‘లంగరుకి కావాలి’ అంటాడు. బారలేసి కొలుస్తాడు, లాగి చూస్తాడు, వేళ్లతో పురి తడుముతాడు, ఓ చోట పేట నలిగిందని దాన్ని వదిలేసి అవతల కొయ్యమంటాడు. నైలాన్ బిగించి కొలిస్తే ఒక పొడుగు, వదులుగా పెడితే ఇంకో పొడుగు. ఆ కొలత తాడూ మనిషీ ఎదురుపడ్డాకే తేలుతుంది. ఆడి నెల ఐదో శుక్రవారం మీ అమ్మవారి తేరు లాగే మోకు ఉందే, ఫ్రెంచి గవర్నర్ల కాలం నుంచీ ఏలినవారు వచ్చి పట్టుకునేది, దాని పొడుగు ఏ రోలరు లెక్కపెడుతుంది?”

“తేరు ఏడాదికొక్కసారండి. రోజూ నాకు అన్నం పెట్టేది రెండు మీటర్లవాడే.”

బాగా అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇంకో కథ ఉంది. ఆడమ్ స్మిత్ 1776లో వేసిన పుస్తకంలో ఒక కుర్రాడు వస్తాడు. ఆవిరి యంత్రం దగ్గర కవాటం తెరుస్తూ మూస్తూ ఉండడమే వాడి ఉద్యోగం. ఆడుకోవాలనిపించి, కవాటం పిడికి ఓ తాడు కట్టి యంత్రంలోనే కదిలే ఇంకో భాగానికి తగిలించాడు. ఇక కవాటం దానంతటదే తెరుచుకుని మూసుకోసాగింది. అసలు జరిగిందో లేదోగానీ కథ బాగుంది.

“తాడే ఆటోమేటిక్ చేసిందన్నమాట!” అని మావాడు నవ్వాడు.

“ఆ కుర్రాడికి మిగిలిన పొద్దు ఆటకి పోయింది. నీ కుర్రాళ్లకి మిగిలేది ఎక్కడికి పోతుంది?”

“ఒకణ్ణి మెషీను దగ్గర పెడతాను. ఒకణ్ణి బల్ల దగ్గర, లంగరు తాళ్లవాళ్లకి.”

“ముక్కకింతని కూలి ఇస్తావా, ఇప్పట్లాగే?”

ఈసారి వాడు నిజంగా ఆలోచించాడు. ముక్కకింతని కూలిస్తే మెషీను దగ్గరున్నవాడు దాన్ని ఆపడు. ఆపిన ప్రతిసారీ వాడి డబ్బే పోతుంది. పదో ముక్క పొట్టిగా పడ్డట్టు అనుమానం వచ్చినా చూడనట్టే ఉంటాడు. నేను అడిగిన స్విచ్చు మీద చెయ్యి సంగతి ఇదే.

“నెల జీతం పెట్టాలి,” అన్నాడు కాసేపటికి. “ఆపినా ఆపకపోయినా ఒకటే జీతం.”

“ఎంత?”

“మెషీను వాయిదా ఎంత కట్టాలో తేలనివ్వండి, అప్పుడు చెబుతాను.”

“ముందు జీతం తేల్చు. మిగిలినదాంట్లో ఏ మెషీను వస్తుందో చూసుకో.”

వాడింకా ఒప్పుకోలేదు.