పొరుగువాడి మాట

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. మన దేశంలో అలాంటి పందెం అదే మొదటిసారి. కరెంటు కార్ల కోసం రోడ్లు మూసేస్తే, చుట్టుపక్కల పెట్రోలు కార్లన్నీ ఇంజన్లు ఆన్‌లో పెట్టుకుని పొగ వదులుతూ నిలబడ్డాయి. ఆ తమాషా సంగతి అలా ఉంచితే, ఆ ఊపులోనే మా అపార్ట్‌మెంట్ కమిటీ వాళ్లు మార్చిలో ఒక ఆదివారం సెల్లార్లో ‘ఈవీ మేళా’ పెట్టారు. షామియానా, స్పీకరు, పిల్లలకి ఐస్‌క్రీమ్. ఏడు కార్లు, పదకొండు స్కూటర్లు. అన్నీ మా అపార్ట్‌మెంట్ వాళ్లవే.

కంపెనీల స్టాళ్లు వద్దని పట్టుబట్టింది నేనే. అమెరికాలో 2011లో ‘నేషనల్ ప్లగ్ ఇన్ డే’ పేరుతో మొదలై, తర్వాత ‘నేషనల్ డ్రైవ్ ఎలక్ట్రిక్ వీక్’గా మారిన కార్యక్రమం గురించి చదివి ఉన్నాను. బండి ఉన్నవాళ్లు తమ బండి తెచ్చి ఏ పార్కింగ్ స్థలంలోనో నిలబెడతారు. వచ్చినవాళ్లు వాళ్లనే అడిగి తెలుసుకుంటారు. అమ్మేవాడి మాట ఎవరు నమ్ముతారు? వాడుతున్నవాడు చెబితే నమ్ముతారు. ఈ సూత్రం నాకు అప్పట్లో విపరీతంగా నచ్చింది. రెండేళ్లుగా నన్ను ఇబ్బంది పెడుతున్నది కూడా ఇదే సూత్రం.

ఆ రోజు నా కారు పక్కన నిలబడి దాదాపు నాలుగు గంటలు మాట్లాడాను. కిలోమీటరుకి రూపాయిన్నర కూడా పడదన్నాను. పెట్రోలు అప్పుడు లీటరు 110 దగ్గర ఉంది కాబట్టి ఆ ఒక్క ముక్కకే సగం మంది తలలూపారు. గేర్లు లేవు, చప్పుడు లేదు, ఆయిల్ మార్చే పని లేదు. ఇవన్నీ నిజాలే. మూడో బ్లాక్‌లో ఉండే ఒక మాస్టారు, హెడ్మాస్టరుగా చేసి రిటైరైనాయన, అందరూ వెళ్లేదాకా ఓపిగ్గా ఆగి అడిగారు. “బాబూ, మాది కోదాడ దగ్గర. దీంట్లో ఊరికి వెళ్లిరావచ్చా?”

“నిక్షేపంగా వెళ్లిరావచ్చు మాస్టారూ. విజయవాడ హైవే మీద చార్జర్లకి కొదవ లేదు. నేనే రెండుసార్లు వెళ్లొచ్చాను” అన్నాను.

అదీ నిజమే. మాస్టారు రెండు నెలల తర్వాత తన పాత మారుతీ అమ్మేసి, నాలాంటి కారే కొన్నారు. కొన్న రోజు మా ఇంటికి స్వీట్లు పంపారు.

2024 జనవరి. భోగి ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్. సూర్యాపేటలో ఉన్నారు. బ్యాటరీ పద్నాలుగు శాతం చూపిస్తోంది. కోదాడ ఇంకా నలభై అయిదు కిలోమీటర్లు. అక్కడున్న రెండు చార్జర్లలో ఒకటి పనిచెయ్యడం లేదు, రెండోదాని ముందు ఆరు కార్లున్నాయి. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర సంక్రాంతి రద్దీ ఎలా ఉంటుందో ఆ దారిన వెళ్లేవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఆ రోజు కూడా అలాగే ఉందట. కారులో వాళ్లావిడ ఉన్నారు. ఆవిడకి సుగరు. వేళకి ఇన్సులిన్ తీసుకోవాలి, వేళకి తినాలి. ఇంతా చెప్పి మాస్టారు మామూలుగా, ఏ నిష్ఠూరమూ లేకుండా అడిగారు. “మీరూ ఊరెళ్లారు కదా బాబూ, మీరెక్కడ చార్జింగ్ పెట్టుకున్నారు?”

నేను మధ్యాహ్నానికే గుంటూరు చేరి, అత్తగారింట్లో అరిసెలు తింటున్నాను. వెళ్లింది మా ఆవిడ పెట్రోలు కారులో. ప్రతి సంక్రాంతికీ అందులోనే వెళతాం. పండగ రద్దీలో చార్జర్ల దగ్గర నిలబడే ఓపిక లేక.

ఎవరికీ ఏమీ కాలేదు. ధాబా ఆయన మంచివాడు, ఆవిడకి వేడిగా రెండు పుల్కాలు చేయించి పెట్టాడట. రాత్రి ఒంటి గంటకి ఇల్లు చేరారు. తిరిగొచ్చాక మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదేమో.

నేను చెప్పినదాంట్లో అబద్ధం ఏది? వెతికితే దొరకదు. రెండుసార్లు వెళ్లొచ్చిన మాట నిజం. మామూలు రోజుల్లో, ఒక్కణ్ణే, తెల్లవారుజామున బయల్దేరి వెళ్లాను. బ్రోషర్లో మూడొందల పైచిలుకు రాసి ఉన్నా హైవే మీద రెండొందలు దాటితే గొప్ప అని నాకు తెలుసు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మా ఇంట్లో ఇంకో కారుందనీ ఆయన అడగలేదు. ఆ రోజు మేళాలో కార్లు పెట్టిన ఏడుగురిలో అయిదుగురి ఇళ్లలో రెండో కారు ఉంది, అదీ పెట్రోలుదో డీజిలుదో. కరెంటు కారు ఎంత హాయో మేం చెప్పిన ప్రతి మాటకీ ఆ రెండో కారు పూచీ ఉంది. అది మాత్రం మేళాలో లేదు. ఆ పూట వాటన్నిటినీ బయట రోడ్డు మీద పార్క్ చేశాం, సెల్లార్లో చోటు చాలదని.

ధర్మరాజు ఏనుగు మాట మెల్లగా అన్నాడని మనం తరతరాలుగా తప్పుపడుతున్నాం. కనీసం అన్నాడు. నేను ఆపాటి కూడా అనలేదు.

మా వృత్తిలో డెమో అని ఒకటుంటుంది. ఎక్కడ నొక్కితే ప్రోగ్రాము పడిపోతుందో మాకు తెలుసు, అక్కడ వేలు పెట్టం. చూసే కస్టమరుకి కూడా తెలుసు, ఇది డెమో అని. అతను తర్వాత తన మనుషుల చేత పరీక్ష చేయించుకుంటాడు. ఇద్దరికీ ఆట నియమాలు తెలుసు కాబట్టి అందులో పెద్ద మోసం లేదు. షోరూములో సేల్స్‌మన్ మాటా అంతే. విన్నవాడు తనంతట తానే అందులోంచి ముప్ఫై శాతం కోసేసుకుంటాడు. పొరుగువాడి మాట దగ్గర ఎవరూ ఆ కోత వెయ్యరు. వాడికి ఇందులో లాభమేముంది అనుకుంటారు. నేను ‘కంపెనీలు వద్దు’ అని పట్టుబట్టింది ఎందుకు? మాస్టారు లాంటి వాళ్లు ఆ కోత వేసుకోకుండా ఉండటానికే. అంటే నిజాయితీ కోసం పెట్టాననుకున్న నియమమే నా మాటకి లేని బరువుని తెచ్చిపెట్టింది.

నిజంగా నాకు లాభం లేదా? డబ్బు రూపంలో లేదు. కానీ పదిహేను లక్షలు పెట్టి కొన్నవాడికి ఒక భయం ఉంటుంది, తప్పు చేశానేమోనని. ఇంకొకడు అదే కొంటే ఆ భయం సగమవుతుంది. పదిమంది కొంటే అది తెలివైన పని అయి కూర్చుంటుంది. పైగా మా అపార్ట్‌మెంట్లో చార్జింగ్ పాయింట్ల కోసం అసోసియేషన్‌తో ఏడాదిగా కొట్లాడుతున్నాం. బండ్లు పెరిగితే మా మాట చెల్లుతుంది. నాకు కావలసింది మాస్టారి కారు కాదు, మాస్టారి ఓటు. ఇది ఆ రోజు నాకు తెలుసా అంటే, తెలియదని చెప్పుకోగలను. తెలుసుకోదలుచుకోలేదు అనడం దగ్గరగా ఉంటుంది.

దీనికి ఒక సమాధానం ఉంది, చాలామంది మిత్రులు చెప్పారు కూడా. పని మంచిది. గాలి బాగుపడుతుంది, భూమి వేడెక్కడం తగ్గుతుంది. జనం మొదట్లో కాస్త ఇబ్బంది పడతారు, బండ్లు పెరిగితే చార్జర్లు పెరుగుతాయి. అన్నీ చెబితే ఎవరూ కొనరు, ఎవరూ కొనకపోతే చార్జర్లు రావు. ఈ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కాకపోతే అందులో ‘కాస్త ఇబ్బంది పడతారు’ అన్నచోట కర్త ఎవరో చూడాలి. ఇబ్బంది పడింది ఆవిడ. ఆ పని మంచిదని నిర్ణయించింది నేను.

ఇక్కడ నాకు ఖద్దరు గుర్తొస్తుంది. ఇళ్లిళ్లూ తిరిగి, ఊరేగింపుల్లో, ప్రదర్శనల్లో, పొరుగువాళ్లే పొరుగువాళ్లకి అంటగట్టిన వస్తువు మన దేశంలో ఖద్దరుని మించి ఇంకోటి ఉండదేమో. 1929లో గాంధీ ఖద్దరు నిధి కోసం మన ఆంధ్ర జిల్లాలన్నీ తిరిగాడు. కానీ ఖద్దరు మిల్లుబట్ట కన్నా చవకనీ మెత్తననీ చెప్పి ఎవరూ అమ్మలేదు. గరుగ్గా ఉంటుంది, ఖరీదెక్కువ, త్వరగా మాస్తుంది, అయినా కట్టు అన్నారు. భారం చూపించి, మొయ్యమని అడిగారు. మేం మేళాలో అడిగింది దానికి పూర్తిగా తిరగేసి. త్యాగమేమీ లేదు, అంతా లాభమే, పుణ్యం కొసరు.

అంత చేసినా ఆ రోజుల్లోనే టాగూరుకి నచ్చలేదు. 1921లో విదేశీ బట్టల్ని కుప్పలు పోసి తగలబెడుతుంటే, ఒంటిమీద బట్ట లేనివాళ్లున్న దేశంలో కాల్చడానికి ఆ బట్టలు మనవి ఎలా అవుతాయని అడుగుతూ వ్యాసం రాశాడు. గాంధీ ‘యంగ్ ఇండియా’లో జవాబిచ్చాడు. ఎవరిది సరైనదన్నది ఇప్పుడు నా ప్రశ్న కాదు. ఒక మంచి పనిని ప్రచారం చేసేటప్పుడు దాని ఖర్చు ఎవరి మీద పడుతోందని అడగడం ఆ పనికి ద్రోహం కాదని ఆ ఇద్దరూ ఒప్పుకున్నట్టే ఉంది, లేకపోతే అంత మర్యాదగా పోట్లాడుకోరు.

ఆ ప్రశ్న మా మేళాలో అడిగినవాడు ఒక్కడే ఉన్నాడు. మా వాచ్‌మన్. ఒక స్కూటర్ దగ్గర చాలాసేపు నిలబడి, సీటు నిమిరి చూసి అడిగాడు. “సార్, నేనుండేది బస్తీలో రేకుల గది. కరెంటు ఓనరు మీటరు మీదే. బండి కొంటే రాత్రి డ్యూటీలో ఇక్కడ పెట్టుకోనిస్తారా?” కమిటీ సెక్రటరీ ‘చూద్దాం’ అన్నాడు. తెలుగులో చూద్దాం అంటే ఏమిటో వాచ్‌మన్‌కి తెలుసు. సెక్రటరీది ఉత్త పిసినారితనమూ కాదు. అంతకు ఆరు నెలల ముందే, 2022 సెప్టెంబరులో, సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయారు. సెల్లార్లో చార్జింగ్ అంటే అందరికీ గుండె దడగానే ఉంది. కానీ ఆ దడ మా ఏడు కార్లకి అడ్డం రాలేదు కదా.

తర్వాత తీరిగ్గా ఒక లెక్క వేశాను. మన దేశంలో కరెంటు నాలుగింట మూడు వంతులకు దగ్గరగా బొగ్గు నుంచే వస్తోంది. యూనిట్‌కి సగటున 0.7 కిలోల పైచిలుకు బొగ్గుపులుసు వాయువు. లీటరు పెట్రోలు కాలిస్తే 2.3 కిలోలు. లీటరుకి పదిహేను కిలోమీటర్లిచ్చే కారు బదులు నా కారు వాడితే కిలోమీటరుకి తగ్గేది దాదాపు పావు వంతు. అదే స్కూటర్ల మధ్య పోలిస్తే సగం దాకా తగ్గుతుంది. బ్యాటరీ తయారీ, పెట్రోలు శుద్ధి లాంటివి పక్కన పెట్టి వేసిన మోటు లెక్క ఇది. కరెంటులో సౌరవిద్యుత్తు పెరిగేకొద్దీ మారుతుంది. అయినా ఒక సంగతి అర్థమైంది. గాలి కోసమే అయితే మేం స్పీకరు పెట్టి పిలవాల్సింది మాస్టారిని కాదు, వాచ్‌మన్‌ని. రోజూ ఎనభై, వంద కిలోమీటర్లు తిరిగే డెలివరీ కుర్రాణ్ణి, ఆటో డ్రైవర్ని. వాళ్లకి కావలసింది టెస్ట్ డ్రైవ్ కాదు, ఒక ప్లగ్గు. ప్లగ్గు ఇప్పటికే ఉన్నవాళ్లం, ప్లగ్గు ఉన్నవాళ్లకి, ప్లగ్గు ఎంత బావుంటుందో చెప్పుకున్నాం.

2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేసింది, 2026 డిసెంబరు ఆఖరు దాకా. కమిటీకి మళ్లీ ఊపొచ్చింది. 2025లో ఉగాది వెళ్లాక రెండో మేళా. నన్నూ నిలబడమన్నారు. వద్దనాలనిపించింది గానీ, తప్పుకోవడం కూడా ఒకరకంగా చెప్పకపోవడమే కదా అని ఒప్పుకున్నాను. ఒక తెల్లకాగితం మీద పెద్దక్షరాలతో రాసి అద్దానికి అంటించాను. హైవే మీద ఏసీ వేసుకుంటే రెండొందల కిలోమీటర్లు. ఇంటి దగ్గర సొంత చార్జింగ్ లేకపోతే కొనకండి. పండగలకి మేం పెట్రోలు కారులో వెళతాం. వాచ్‌మన్ సంగతి కూడా రాశాను, ఒక్క కామన్ పాయింట్ అయినా పెడదామని. దానిమీద కమిటీ ఇంకా ‘చూస్తోంది’.

సెక్రటరీ చదివి, “ఇది మేళానా, వార్నింగ్ బోర్డా?” అన్నాడు. ఆ రోజు నా కారు టెస్ట్ డ్రైవ్ చేసింది ముగ్గురే.

మాస్టారు కూడా ఈసారి తన కారు పెట్టారు, నా కారు పక్కనే. ఒకటో బ్లాక్‌లోకి కొత్తగా వచ్చినాయన ఎవరో ఆయన్ని అడుగుతున్నాడు, ఖమ్మం వెళ్లిరావచ్చా అని.

“నిక్షేపంగా” అన్నారు మాస్టారు. “మేం రెండు సంక్రాంతులకీ దీంట్లోనే వెళ్లాం.”

నేను అటు తిరిగాను. నోరు తెరవాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. ఈలోపు వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న వాళ్లావిడ, “సూర్యాపేట సంగతి కూడా చెప్పండి” అన్నారు.

మాస్టారు కాస్త నవ్వి, “అది మా ఆవిడ చెబుతుంది” అని పక్కకి జరిగారు. ఆవిడ మొదలుపెట్టారు, పంతంగి దగ్గర్నుంచి. అడిగినాయన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.