తల్లిని చూపించువాడు

మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో నీ బిడ్డ కొరకు జాతిపిల్లి కూనను కొనదలచితివా? ముందుగా అమ్మువాని యింటికి వెళ్లి తల్లిపిల్లిని చూడుము. నమ్మదగినవాడు తలుపు తీయును. మోసగాడు ఫోనులో బొమ్మ చూపి, కూనను రోడ్డు ప్రక్కనే చేతిలో పెట్టును. ఎనిమిది వారములు నిండని కూనను తీసికొనకుము. పర్షియన్ పిల్లులలో మూత్రపిండములందు నీటితిత్తులు పెరుగు వ్యాధి కలదు. తల్లిదండ్రులలో ఒక్కదానికున్నను కూనలలో సగమునకు రావచ్చును. ఆ జన్యుదోషమును 2004లో గుర్తించిరి. దానికి పరీక్ష కలదు. ఆ పత్రమును అడుగుము.

అయితే మోసగానిని పోషించువారెవరు? తక్కువ వెల చూచి, ప్రశ్న అడుగక కొను మనమే కాదా? జాలిపడి రోగపు కూనను కొన్నను, ఆ సొమ్ము రుచి మరిగి అతడు ఆ తల్లిని మరల ఈనించును. మన కంటబడని ఆ తల్లిని గూర్చియు మనము లెక్క చెప్పవలసినవారమే.